కప్పు లేపబోయిన రాజుగారు

ఒకానొక రాజ్యం ఉండేది, దాని పేరు వెలిచెర్ల. మాదే లెండి! చిన్నదని ముక్కు విరవకండి, పౌరుషంలో ఎవరికీ తీసిపోదు. అక్కడ కొలువు జరిగే చావడి మీదే అటక, ఆ అటక మీద ఊళ్ళన్నిటికీ కావలసిన విత్తనపు వడ్లు. అక్కడైతే చెమ్మ తగలదు, ఎలుక చేరదు.

మా రాజు ప్రచండకేతుడికి గొప్పలంటే ప్రాణం. పొరుగురాజు ఇంట పెళ్ళికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే పాట.

"అబ్బబ్బ, వాళ్ళ చావడి కప్పు ఏం కప్పయ్యా అది! చూసి చూసి మెడ పట్టేసింది. మన చావడి చూడండి, కోళ్ళగూడు నయం! రేపే అటక పీకించండి. కప్పు రెండింతల ఎత్తు లేవాలి!"

రైతుపెద్ద బసివిరెడ్డి చేతులు జోడించాడు. "దొరా, వానలు ముంచుకొస్తున్నాయి. వడ్లు తడిస్తే ఈ ఏడు చల్లుకోవడానికి గింజ ఉండదు."

"నా పరువు ముఖ్యమా, నీ వడ్లు ముఖ్యమా?" అని రాజు గర్జించాడు.

బసివిరెడ్డికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అది చూసి ఆస్థానంలోని మాటకారి పేరిభట్టు లేచాడు.

"లేపాల్సిందే ప్రభూ! ఆ కొత్త కప్పు నిండా మీ బొమ్మ వేయిద్దాం. ఆ పొరుగురాజు మీ ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టు!"

"భేష్!" అన్నాడు రాజు, మీసం దువ్వుతూ.

"బొమ్మలో పోలిక కుదరాలి గదా. ఆయన ఎలా ఉంటారో సెలవివ్వండి."

"బంగారు పువ్వులు, మధ్యలో నీలం అద్దాలు..."

"అది కప్పు ప్రభూ. నేనడిగింది ఆయన ముఖం."

"ముఖమా? ముఖం... గుండ్రం. కాదు, కోల."

"పోనీ, మీసం మెలేసి ఉందా, వాలి ఉందా?"

రాజు నుదురు రుద్దుకున్నాడు. "ఉందనుకుంటా."

"అయ్యో, పెళ్ళంతా ఆయన పక్కనే కూర్చున్నారట గదా!"

"కూర్చున్నానయ్యా! పైకి చూస్తూ కూర్చు..."

మాట సగంలో ఆగిపోయింది. రాజుగారి చెయ్యి మెల్లగా తన మీసం మీదికి వెళ్ళింది.

"మన కప్పు లేచాక ఇక్కడికి వచ్చేవాళ్ళూ అంతే ప్రభూ," అన్నాడు పేరిభట్టు వినయంగా. "ఇళ్ళకెళ్ళి కప్పు గురించే చెప్పుకుంటారు. వెలిచెర్లలో రాజున్నాడా అని ఎవరైనా అడిగితే, ఉన్నాడనుకుంటా అంటారు."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు. "ఆ అటక మీద చెయ్యేసినవాడి చెయ్యి విరిచేస్తా!" అని హుకుం జారీ చేశాడు. బసివిరెడ్డి ఆనందం పట్టలేక పేరిభట్టును కావలించుకున్నాడు.

ఆ ఏడు మా పొలాలన్నీ చల్లుకున్నాం, పంట విరగపండింది. కొన్నాళ్ళకు ఆ పొరుగురాజే వచ్చి, "కప్పు మరీ కిందికుందే!" అని నవ్వాడు.

మా రాజు రొమ్ము విరుచుకుని అన్నాడు: "మా నెత్తి మీద వచ్చే ఏటి అన్నం ఉందండీ. మీ నెత్తి మీద ఏముంది?"