కలిపిన సీసా

గేబ్రియేలు మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పరు. బోర్డో నగరంలో సగం జీవితం వైన్ వడ్డించి యానాం తిరిగొచ్చిన మనిషి ఆయన. ఎవరేమడిగినా ముందు చేతిలోని గ్లాసు తుడుచుకుంటారు. ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటున్న విమోచన మాత్రం ప్రశ్న దాచుకునే రకం కాదు.

"మాస్టారూ, మెర్లో ఒక ద్రాక్ష, కబెర్నే ఒకటి, కబెర్నే ఫ్రాంక్ ఇంకొకటి. విడివిడిగా పులియబెట్టి చివరికి అన్నీ ఒకచోట పోసేస్తారు. ఇది రాజీ కాదా? రాజీ అంటే సగం ఓటమి! అసలైన వైన్‌కి ఒకే ద్రాక్ష, ఒకే నేల, ఒకే మాట ఉండాలి."

విమోచన బాగా చదివిన పిల్ల. ఊరేగింపులో అరవాల్సిన మాటలు వంటింట్లోనూ అరుస్తుంది. మాస్టారు గ్లాసుని వెలుగుకి పట్టి చూసి, "రేపు మధ్యాహ్నం మంగాదేవి గారి బల్ల నువ్వే చూసుకో. సీసా నేనిస్తాను," అన్నారు.

గుబ్బల మంగాదేవి గోదావరి ఒడ్డున కొత్తగా కట్టిన హోటలుకి యజమానురాలు. అక్కడ వైన్ వడ్డించే ఉద్యోగం ఎవరికివ్వాలో ఆ భోజనంలోనే తేల్చుకుంటానని చెప్పింది. విమోచనకి ఆ ఉద్యోగం కావాలి. ఆడపిల్ల సీసా పట్టుకోవడమేంటన్న చుట్టాల నోళ్ళు మూయించడానికి మరీ కావాలి.

మర్నాడు మాస్టారిచ్చిన సీసా చూసి ఆమె మొహం మాడిపోయింది. అదే, మూడు ద్రాక్షలు కలిపిన బోర్డో వైన్! పళ్ళు బిగించి గ్లాసులో పోసింది. అబద్ధం చెప్పడం రాని నోరు కనక ఉన్నదున్నట్టే చెప్పింది.

"ఇది కలిపిందండీ."

మంగాదేవి గ్లాసు పక్కకి నెట్టేసింది. "అప్పుడే కలిపేశావా? నీళ్ళా, సోడానా? నన్నడగొద్దూ!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ మాస్టారు గ్లాసు తుడుచుకుంటున్నారు. విమోచన చెవులు ఎర్రబడ్డాయి. తనకి నచ్చని సీసాని ఇప్పుడు తనే కాపాడుకోవాలి.

"నీళ్ళు కాదండీ, ద్రాక్షలు. ముందు ఆ మాంసం ముక్క తినండి. ఇప్పుడో గుక్క."

మిరియాలేసి వేయించిన మేకమాంసం నమిలి, మంగాదేవి గుక్క మింగింది. "వగరు," అంది అనుమానంగా.

"ఆ వగరు కబెర్నేదండీ. నాలుక మీది కొవ్వుని అదే కడిగేస్తుంది. అదొక్కటే అయితే పచ్చి నేరేడుకాయ కొరికినట్టుండేది. మెర్లో దాన్ని మగ్గిన పండులా మెత్తబరుస్తుంది. మింగాక వెనక ఒక వాసన నిలిచింది చూడండి, తొలకరికి తడిసిన తోటలా? అది ఫ్రాంక్."

చెబుతూ చెబుతూ విమోచన తన గొంతు తనే వింది. ఇవి ఎక్కడా చదివిన మాటలు కావు. మొదట ముభావంగా ఉన్న ఆ ముదురెరుపు వైన్ గాలి తగిలేకొద్దీ విచ్చుకుంటోంది. మూడు ద్రాక్షలూ ఒకదాని నోరు ఒకటి నొక్కకుండా, ఏదీ పెత్తనం చెయ్యకుండా కలిసి మాట్లాడుతున్నాయి. ఎన్ని సభలు పెట్టినా మనుషులకి చేతకానిది!

"బాగుందమ్మాయ్!" అంది మంగాదేవి. ఆ హుషారులోనే, నిన్న వండి ఊరనిచ్చిన పులస పులుసు గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ గ్లాసెత్తబోయింది. విమోచన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దీంతో వద్దండీ."

మంగాదేవి కనుబొమలు ముడేసింది. "నా హోటల్లో నా గ్లాసుకే అడ్డమా?"

"చేపతో తాగితే ఇనుము నాకినట్టుంటుందండీ. ఆ పులుపూ కారం తగిలితే వగరు కాస్తా చేదెక్కుతుంది. రెండూ పాడైపోతాయి. పులసకి ఎవరి తోడూ అక్కర్లేదు, అది ఒంటరిగానే గొప్పది. ఉద్యోగం ఇవ్వకపోయినా ఇదే చెప్తాను."

మంగాదేవి ఆమెని ఎగాదిగా చూసింది. "కంచం ముందు నాకు మా ఆయన కూడా ఎప్పుడూ అడ్డం రాలేదే!" అని గ్లాసు వదిలేసి అన్నంలో పులుసు పోసుకుంది. "ఒకటో తారీకున వచ్చి చేరు. ఈ నోరు కూడా తెచ్చుకో."

వంటింట్లోకి వచ్చాక విమోచన కాళ్ళు నేల మీద నిలవలేదు. "మీ సీసా గొప్పదే మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కానీ ఒంటరిగా నిలబడేదే అందరికన్నా గొప్పదని పులస తేల్చేసింది చూశారా!"

మాస్టారు మిగిలిన పులుసులో గరిటె తిప్పారు. ఒక బెండకాయ ముక్క, ఒక పచ్చిమిరపకాయ పైకి తేలాయి. అంచున ఆవకాయ నూనె మెరిసింది.

"మెల్లగా అనమ్మా," అన్నారాయన. "చింతపండు వింటుంది."