పల్లకీ ముందు కేక

ఒకానొక రాజ్యంలో మాట్లాడీ మాట్లాడీ జనమంతా అలిసిపోయి ఉన్నారు. నమ్మండి, కోళ్లు కూడా సగం కూసి ఆవలించేవి.

దీనికంతా కారణం రాజు ప్రతాపకేసరి. ఆయనగారు ఒక వీధిలో ఉంటే మీసం పక్కవీధిలో ఉండేది. ఆస్థాన పండితుడు శబ్దభూషణుడి మాట పట్టుకుని, తన చెవిన పల్లెమాట పడకూడదని చాటింపు వేయించాడు. 'తిన్నావా' అనకూడదు, 'భుజించితివా' అనాలి. అనేలోపు అన్నం చల్లారడమేమిటి, గడ్డకట్టేది!

చివరికి చిక్కు వచ్చి పల్లకీ మోసే నూకన్న మీద పడింది. ముందు భుజం అతనిది. వెనక బోయీలకు దారి కనపడదు. గుంట రాగానే నూకన్న "సూస్కో!" అని కేక వేయాలి, వాళ్లు అడుగు మార్చుకోవాలి.

ఒకరోజు ఆ కేక వినగానే పల్లకీ పక్కనున్న పండితుడు చెవులు మూసుకున్నాడు. "ఛీ! 'చూచుకొనుడు' అనవలెను. సంబోధన లేక అసలు అనరాదు."

"ఇంకోసారి ఆ మోటుకేక వినపడిందా, నిన్ను రాజ్యం దాటిస్తా" అన్నాడు రాజు.

ముసలి నూకన్న వెళ్లి విదూషకుడు కూర్మయ్య అరుగు మీద కూలబడ్డాడు. "బాబూ, ఈ వయసులో ఊరిడిసి ఎక్కడికెల్తాను? భుజం నా మాట ఇంటాది గానీ నోరు ఇనదు."

రాజుగారిని నవ్వించీ నవ్వించీ కూర్మయ్యకు అప్పటికే నడుం పట్టేసింది. "మామా, రేపు పండితుడు నేర్పినట్టే అను. ఒక్క ముక్క తగ్గించకు, తొందరపడకు. మిగతాది దారి చూసుకుంటుంది" అన్నాడు ఆవలిస్తూ.

మర్నాడు రాజుతో, "ప్రభూ, నూకన్న మాట దిద్దడానికి పండితులవారు కూడా పల్లకీలో ఉంటే బాగుంటుంది" అన్నాడు. రాజు మురిసిపోయాడు. పండితుడు ఎక్కగానే పల్లకీ 'అమ్మో' అంది.

వాన వెలిసిన దారి. ఎదురుగా ఏనుగు పట్టేంత బురదగుంట.

నూకన్న గొంతు సవరించుకున్నాడు. "ఓ సహవాహకులారా! మన ముందర గుంట..."

"గుంట కాదు, గర్తము!" అన్నాడు పండితుడు.

"గర్తమొకటి యున్నది గావున, మీరెల్లరు చూచు..."

నూకన్న పక్కకు తప్పుకున్నాడు. వెనకవాళ్లు తప్పుకోలేదు. "...కొనుడు" అనేసరికి రాజుగారు మీసాలతో, పండితుడితో సహా బురదలో ఉన్నారు.

"ముందే చెప్పొద్దుట్రా, నూకన్నా!" అని గర్జించాడు.

పల్లకీ వెంట నడిచి వచ్చిన కూర్మయ్య గట్టు మీద చేతులు కట్టుకున్నాడు. "ముందే మొదలెట్టాడు ప్రభూ. పూర్తయ్యేసరికి తమరు వేంచేశారు."

ఇంతలో గట్టెక్కబోయిన పండితుడు జారి, కొండ విరిగినట్టు రాజు వైపే వస్తున్నాడు.

"ప్రభూ, వెనక ప్రమాదం! ఏ మాటతో హెచ్చరించమంటారు?" అన్నాడు కూర్మయ్య.

"ఏదో ఒకటి తొందరగా అఘోరించవయ్యా!"

"సూస్కో!"

కూర్మయ్య నోట నూకన్న కేక వినగానే రాజు చటుక్కున తప్పుకున్నాడు. పండితుడు బుడుంగున మునిగాడు.

రాజు నవ్వాడు చూడండి, ఆ నవ్వుకి పొరుగు రాజ్యంలో పెంకులు జారాయి. చేతి కంకణం తీసి నూకన్నకు తొడిగాడు. "నీ కేక నీదేరా. చాటింపు కూడా రద్దు. కూర్మయ్యా, నీకేం కావాలి?"

"నిద్ర, ప్రభూ."

తిరుగుదారిలో రాజుగారు నడిచారు. పల్లకీలో కూర్మయ్య పడుకున్నాడు. నూకన్న దారిపొడుగునా "సూస్కో! సూస్కో!" అని కేకలు వేస్తూనే ఉన్నాడు. ఆ కేకలకు ఊరంతా లేచింది గానీ, కూర్మయ్య మాత్రం లేవలేదు.