గుండెలో టిక్కు, కంచంలో మునగాకు

అనగనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అనే కోడలు ఉండేది. ఆమె అత్తగారి పేరు ఆదెమ్మ. ఊఁ కొట్టు బుజ్జీ, కొట్టకపోతే కథ ఆగిపోతుంది.

మన గుండెలో చిన్న చిన్న తలుపులుంటాయి. నెత్తురు వెళ్ళేటప్పుడు తెరుచుకుంటాయి, వెళ్ళాక మూసుకుంటాయి. నూకరత్నం గుండెలో ఒక తలుపు పాడైపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అప్పుడు పట్నంలో డాక్టర్లు దాన్ని తీసేసి, లోహంతో చేసిన కొత్త తలుపు పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా టిక్కు టిక్కుమనేది.

దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోమన్నారు. ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆ మాత్ర సరిగ్గా పనిచెయ్యదనీ చెప్పారు. నూకరత్నం బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ప్రేమగా పెడితే వద్దనడం దానికి చేతకాదు. అంత మొహమాటం ఏం మొహమాటమో!

ఆదెమ్మకి చూపు మందగించింది గానీ, చెవులు పాము చెవులు. మొదట్లో ఆ చప్పుడికి నిద్ర పట్టట్లేదని సణిగింది. ఆ తర్వాత అది వినపడకపోతే ఆమెకి తోచేది కాదు. కోడలు పక్కకి రాగానే తలెత్తకుండానే పలకరించేది.

అంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినాలంటారుగా. కోడలికి రక్తం పట్టాలని ఆదెమ్మ రోజూ మునగాకు వండింది. ఆ తర్వాత పక్కింటి పిన్ని గిన్నెడు తోటకూర పులుసు తెచ్చింది. ఆ తర్వాత ఆడపడుచు గోంగూర పచ్చడి జాడీతో దిగింది. నూకరత్నం అందరివీ తినేసింది. మాత్ర సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి నెలనెలా చేసే రక్తపరీక్ష కూడా ఆ నెల వానలకి వాయిదా పడింది.

ఒక మధ్యాహ్నం ఆదెమ్మ మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నూకరత్నం మజ్జిగ తెచ్చి పక్కన నిలబడింది.

"ఎవరమ్మా అది?" అంది ఆదెమ్మ.

నేనేనని నూకరత్నం చెప్పేసరికి ఆదెమ్మ గుండె గుభేలుమంది. కోడల్ని దగ్గరికి లాక్కుని రొమ్ముకి చెవి ఆనించింది. టిక్కు లేదు. ఎక్కడో లోపల గుడ్డ చుట్టి కొట్టినట్టు మెత్తటి చప్పుడు. పొద్దుట్నించీ ఆయాసంగా ఉందని నూకరత్నం అప్పుడు చెప్పింది. అడిగితే గానీ చెప్పదే!

అప్పుడు ఆదెమ్మ కొడుకుని కేకేసింది. ముగ్గురూ ఆటో ఎక్కి పట్నం వెళ్ళారు. తలుపు మీద నెత్తురు గడ్డకడుతోందని, ఇంకాస్త ఆలస్యమైతే తలుపు బిగుసుకుపోయేదని డాక్టరమ్మ చెప్పింది. గడ్డ కరిగే మందు ఎక్కించింది. ఏం తిన్నావని అడిగితే మునగాకు, తోటకూర, గోంగూర అన్నీ బయటపడ్డాయి. ఆకుకూరలు మానెయ్యక్కర్లేదని, ఎప్పుడూ ఒకేలా కొంచెం కొంచెం తినాలని డాక్టరమ్మ నచ్చజెప్పింది.

మర్నాటికి టిక్కు టిక్కు మళ్ళీ వచ్చింది. ఆదెమ్మ వింటూ వింటూ ఏడ్చేసింది. ఆ తర్వాత కోడలి మీద విరుచుకుపడింది.

"నాకు చెప్పొద్దూ? నీకంటే నా మునగాకు ఎక్కువా?"

ఇంటికొచ్చాక ఆదెమ్మే అన్నం వడ్డించింది. కాస్త మునగాకు కూర వేసి, గరిటె పైకెత్తి అలాగే ఆగింది. వెయ్యదు, తియ్యదు. నూకరత్నం కంచం వంక చూసింది, అత్తగారి వంక చూసింది.

"చాలత్తయ్యా," అంది.

ఆదెమ్మకి ప్రాణం లేచొచ్చింది. గరిటె గిన్నెలో పడేసి, తనూ కంచం పెట్టుకుని కోడలి పక్కనే కూర్చుంది.

ఇక కళ్ళు ముయ్యి బంగారం. కథ కంచికి, కునుకు కంటికి, మనం ఇంటికి.