నాగవేణి వేసిన దండోరా

“ఉపన్యాసం బాగా వచ్చిందని ఎట్ల తెలుస్తుంది సార్?” అని నాగవేణి అడిగింది.

అడిగింది కంబగిరయ్య సారును. ఆయన ఆ ఊరి హైస్కూల్లో తెలుగు అయ్యవారు. శనివారం చివరి రెండు పీరియడ్లూ పిల్లలను ఒక్కొక్కరినే అరుగు మీద నిలబెట్టి, నలుగురిలో మాట్లాడటం నేర్పేవాడు. ఊపిరి ఎక్కడ పీల్చాలి, మాట ఎక్కడ ఆపాలి, చెయ్యి ఎప్పుడు లేపాలి, గొంతు ఎప్పుడు దించాలి అన్నీ ఓపికగా చెప్పేవాడు. కానీ ఆయనతో ఒక చిక్కుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. పద్యానికి నడక ఎట్ల వస్తుందని అడిగిన పాపానికి ఒక పిల్లవాడు వారం రోజులు పిండిమర దగ్గర కూర్చుని దాని చప్పుడు వినవలసి వచ్చింది. అప్పటినుంచి తెలివైన పిల్లలు ఆయనను ప్రశ్నలు అడగడం మానుకున్నారు.

నాగవేణి తెలివి లేక అడగలేదు, ఉండబట్టలేక అడిగింది. పదో తరగతి పిల్ల. మండలం పోటీల్లో మొదటి బహుమతి ఆమెదే. వచ్చే వారం కర్నూలులో జిల్లా పోటీ. హెడ్మాస్టరు ఆమెను బంగారుకొండ అంటాడు, ఇంట్లో వాళ్ళమ్మ దిష్టి తీస్తుంది. కంబగిరయ్య సారు మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా ‘బాగుంది’ అనలేదు. ఉపన్యాసం అయిపోయి అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన ‘ఊ’ అని కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. ఆ ‘ఊ’ నాగవేణికి గొంతులో ముల్లులా ఉండేది. ఆయన నోటినుంచి ఆ ఒక్క మాట వినకుండా కర్నూలు బస్సెక్కడం ఆమెకు ఇష్టం లేదు.

“అందరూ చప్పట్లు కొట్టినారంటే బాగున్నట్లే గదా సార్?” అని కూడా అడిగింది.

సారు, “తలారి మద్దిలేటిని చూసినావా? పన్నునొప్పి. దవడ బూరె మాదిరి పొంగింది,” అన్నాడు.

నాగవేణికి అర్థమైపోయింది. పని వచ్చి పడింది.

పని ఇది. మర్నాడు పొద్దున పశువుల డాక్టరు చావడి దగ్గరికి వస్తాడు. గొర్రెలకు, మేకలకు చిటుక రోగం రాకుండా సూదులు వేస్తాడు. మధ్యాహ్నం పన్నెండు దాకానే ఉంటాడు. ఏడాదికి ఒకసారే వచ్చే మనిషి, పెట్టెలో మంచు కరిగితే మందు పారబోయాల్సిందే. ఊళ్ళో దండోరా వేసేది మద్దిలేటి. ఆయన నోరు తెరవలేకుండా ఉన్నాడు. “తప్పెట ఆయన కొడతాడు, మాట నువ్వు చెప్పు. నేను సాయంత్రం బస్సుకు పోయి రేపు డాక్టరును వెంటబెట్టుకొని వస్తా,” అని సారు వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో సగం ఇళ్ళు జీవాల మీదే బతుకుతాయి. తొలకరికి లేచిన పచ్చగడ్డి కడుపునిండా మేసిన మేక సాయంత్రానికి చలాకీగా ఇంటికొచ్చి, తెల్లారేసరికి కాళ్ళు బిగదన్ని పడి ఉంటుంది. అదే చిటుక రోగం. కిందటేడు సాలమ్మ అవ్వకు ఒక్క పొద్దున నాలుగు మేకలు పోయాయి. అవ్వ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఈ సంగతులన్నీ నాగవేణికి తెలుసు. తెలుసు కాబట్టే ఆ పిల్ల మనసు ఉప్పొంగింది. పోటీ కోసం కాకుండా నిజంగా ఊరి కోసం మాట్లాడే అవకాశం ఎన్నాళ్ళకు వచ్చింది! ఇంటికి పోయి నోట్సు తీసి గంటసేపు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది.

పొద్దు వాలుతుండగా మద్దిలేటి తప్పెట చంకన పెట్టుకుని వచ్చాడు. దవడకు తువ్వాలు కట్టుకున్నాడు. పాపం, ఆ నొప్పిలోనే పళ్ళ సందునుంచి తన విద్య చెప్పబోయాడు.

“యాడ, ఎప్పుడు, ఏంది. మూడే మాటలమ్మా. సందు సందుకూ తిరగాల. ఎవరో ఒకరు మన మాట మనకే తిరిగి చెప్పేదాకా ఆడినుంచి కదలగూడదు.”

నాగవేణి మర్యాదగా తలూపింది. మూడు మాటలు చెప్పడానికి మండలం ఫస్టు ఎందుకని మనసులో అనుకుంది. పెద్దవాళ్ళు చెబితే తలూపడం మంచి అలవాటే, తలలోకి ఎక్కించుకోవడం వేరే అలవాటు.

రచ్చకట్ట దగ్గర తప్పెట మోగింది. చదువుకునే ఆడపిల్ల దండోరా వేస్తోందంటే జనం ఆగుతారా? పొలాల నుంచి వచ్చేవాళ్ళు వచ్చినట్లే నిలబడ్డారు. ఆడవాళ్ళు బిందెలు దించారు. ఊరంతా ఇక్కడే ఉంటే సందులు తిరగడం దండగనుకుని నాగవేణి కట్టెక్కింది. మొదట ఏమీ మాట్లాడకుండా అందరినీ ఒకసారి చూసింది. అదీ సారు నేర్పిందే.

“నోరు లేని జీవాలు అవి!” అని మొదలుపెట్టింది. “మనం పస్తున్నపొద్దు పాలిచ్చినాయి. మన బిడ్డకు జ్వరమొస్తే సంతకు పోయి మందై తిరిగొచ్చినాయి. అట్లాంటిది మన కళ్ళ ముందర గిలగిలా కొట్టుకుంటాంటే, చేతులు కట్టుకొని నిలబడాల్నా?”

సాలమ్మ అవ్వ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. మేకలంటేనే మండిపడే కోమటి సుబ్బయ్య సెట్టి కూడా ముక్కు చీదాడు. నాగవేణి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ చెయ్యి లేపాలో అక్కడ లేపింది. చివరికొచ్చేసరికి, ముగింపులో గొంతు దించితే మాట గుండెలో దిగుతుందని సారు చెప్పింది గుర్తుపెట్టుకుని, మెల్లగా, దాదాపు గుసగుసలాగా, రేపు పొద్దున చావడి దగ్గర పన్నెండింటి వరకు సూదులు వేస్తారని చెప్పి రెండు చేతులూ జోడించింది. ఆమె గొంతు దించేసరికే చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు. మద్దిలేటి ఏదో చెప్పబోయి, నొప్పి కలుక్కుమనేసరికి దవడ పట్టుకుని ఇంటిదారి పట్టాడు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు పన్ను పీకించుకోవడానికి పోయాడు.

ఆదివారం ఎనిమిదింటికి డాక్టరు మోటారుసైకిలు చావడి ముందు ఆగింది. వెనక కంబగిరయ్య సారు మంచుపెట్టెను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాగవేణి అప్పటికే తలస్నానం చేసి, లంగా ఓణీ వేసుకుని ఎదురుచూస్తోంది. చావడి దగ్గర ఆమె తప్ప నరమానవుడు లేడు. తొమ్మిదైంది. కాలికి ముల్లు గుచ్చుకున్న ఎద్దును తోలుకుని ఒకాయన వచ్చాడు. ఆయనకు సూదుల సంగతే తెలియదు, మోటారుసైకిలు చూసి ఆగాడు.

“ఊరికి చెప్పినారా అసలు?” అన్నాడు డాక్టరు.

సారు నాగవేణి వైపు చూశాడు.

“చెప్పినాను సార్! ఊరంతా చప్పట్లు కొట్టింది,” అంది నాగవేణి.

సరిగ్గా అప్పుడే సాలమ్మ అవ్వ మిగిలిన తన మేకలను కొండ వైపు తోలుకుంటూ ఆ దారినే వచ్చింది. నాగవేణి ఎదురు పరుగెత్తింది.

“అవ్వా, మేకలను యాడికి తోలుకపోతాండావు?”

“మేపుకు తల్లీ. ఇంగ యాడికి?”

“సూది ఏపించవా? నిన్న చెప్తిని గదా!”

అవ్వ మొహం విప్పారింది. నాగవేణి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. “చెప్తివి నా తల్లీ, ఎంత బాగ చెప్తివి! నా మేకలు సచ్చిన పొద్దు గూడ నేను అంత ఏడ్సలేదు. అవునుగానీ, ఆ సూదులు ఎప్పుడంట?”

కిందటేడు ఈ అవ్వ ఇంట్లో పొయ్యి వెలగని మూడు రోజులూ నాగవేణి కళ్ళ ముందుకొచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే కొండ దారిలో దుమ్ము లేస్తోంది. ఊళ్ళో మందలన్నీ మేపుకు కదిలిపోతున్నాయి. మాటలు కోటలు దాటాయి, మేక ఒక్కటీ చావడి దాకా రాలేదు.

సారు కోప్పడలేదు. పంచె ఎగగట్టి, “నువ్వు కొండదారి చూడు. నేను ఇండ్లకాడ చూస్తా,” అని తూర్పు వీధి వైపు పరుగులాంటి నడకతో పోయాడు.

నాగవేణి పరుగెత్తింది. ఓణీ నడుముకు బిగించింది, చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోలేదు. “చావడి కాడ సూదులు! ఇప్పుడే! చిటుక రోగానికి! తోలుకొని రాండి!” అని అరిచింది. వినబడనివాళ్ళ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఏందీ?’ అన్నవాడికి మళ్ళీ చెప్పింది. ‘యాడా?’ అన్నవాడికి మళ్ళీ చెప్పింది. ‘చావడి కాడ్నే గదా, ఇప్పుడే గదా’ అని వాడు తిరిగి అనేదాకా వదలలేదు. ఒక గొర్రెల కాపరి విసుక్కున్నాడు. “ఈ ముక్క నిన్న చెప్పుంటే ఇంత దూరం తోలుకొచ్చే బాధ తప్పేది గదమ్మా!” ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిలబడి బాధపడటానికి తీరిక లేదు, పక్క మంద ఇంకా ముందుకు పోతోంది. మిట్ట ఎక్కేసరికి గొంతు బొంగురుపోయింది. ఆఖరి రెండు మందలకూ మాట పెగల్లేదు. ఆమె చెయ్యి ఊపి చావడి వైపు చూపిస్తే, తన మేకలకు సూదులు వేయించి వెనకే వచ్చిన సాలమ్మ అవ్వ మిగిలింది అరిచి చెప్పింది.

పదిన్నరకు కొండదారి నుంచి మొదటి మంద చావడి చేరింది. పదకొండుకు అడుగు పెట్టే చోటు లేదు. దుమ్ము, పెంటికల వాసన, అరుపులు, నా వరసంటే నా వరసని తగాదాలు. డాక్టరు పన్నెండైనా కదల్లేదు. మంచు నీళ్ళవుతోందని గొణుగుతూనే చేతి సూది ఆపకుండా ఒంటిగంట దాటేదాకా పొడిచాడు. కొండ అవతలికి దాటిపోయిన మందలు రెండు అందలేదు. వాటిని రేపు పక్క ఊరికి తోలుకురమ్మని, అక్కడ వేస్తానని చెప్పాడు. సాలమ్మ అవ్వ మేకలకు అన్నిటికంటే ముందే సూదులు పడ్డాయి.

చివరికి నాగవేణి చావడి మెట్టు మీద చతికిలబడింది. జడ ఊడిపోయింది, అరికాలు చీరుకుపోయింది, ఓణీ నిండా దుమ్ము. ఒళ్ళు అంత నొప్పిగా ఉన్నా లోపల ఎక్కడో హాయిగా ఉంది, ఎందుకో ఆమెకే తెలియలేదు. కంబగిరయ్య సారు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన పంచెకూ దుమ్మే. నాగవేణి నీళ్ళు తాగి, రాని గొంతుతో నవ్వుతూ అంది:

“ఈ పొద్దు ఒక్కరు గూడ చప్పట్లు కొట్టలేదు సార్.”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చావడి ముందర ఉన్న జనాన్ని చూశాడు. ఒకడు పొట్టేలు కొమ్ములు పట్టుకుని గుంజుకుంటున్నాడు. ఒకామె రెండు చంకల్లో రెండు మేకపిల్లలను ఇరికించుకుంది. సుబ్బయ్య సెట్టి ఎవరిదో మేకను చెవులు పట్టుకుని ఆపుతున్నాడు.

“ఎట్ల కొడతారమ్మా?” అన్నాడు సారు. “ఒక్కరి చేతులన్నా ఖాళీగా ఉండాయా?”