కప్పల్లాంటి కాగితపు పిట్టలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అమ్మానాన్నల్లేని పిల్లలకోసం జంతువులన్నీ కలిసి ఒక పాక వేశాయి. ఒకరోజు పెద్దగాలి వచ్చి దాని కప్పు ఎగరేసుకుపోయింది. వానలు ముంచుకొస్తున్నాయి.

గిజిగాడు సింగన్న ఒక ఉపాయం చెప్పాడు.

"నాలుగు రోజుల్లో సంత. మనం కాగితాలు మడిచి పిట్టలు చేద్దాం. పిట్ట కావాలన్నవాళ్ళు ఒక తాటాకు ఇవ్వాలి. మూడు వందల ఆకులొస్తే కప్పు వేసేయొచ్చు!"

అందరూ సరేనన్నారు. కోతులు కాగితాలు ఏరుకొచ్చాయి. సింగన్న మడతలు నేర్పాడు.

మొదటిరోజు ఎలుగుబంటి పోలయ్య ఒక పిట్ట చేశాడు.

"ఇది పిట్టా, కప్పా?" అని సింగన్న దాన్ని విప్పేశాడు.

రెండోరోజు ముళ్ళపంది గంగత్త చేసిన పిట్టకు చిల్లు పడింది.

"ఎందుకత్తా నీకీ పని?" అని సింగన్న దాన్ని పక్కన పడేశాడు.

మూడోరోజు పాకలో పిల్లలే వచ్చి కూర్చున్నారు.

"ముట్టుకోకండి, నలిపేస్తారు!" అని సింగన్న కసిరాడు.

పిల్లలు బిక్కమొహాలు వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. సింగన్న ఒక్కడే మిగిలాడు. మడిచాడు, మడిచాడు. ముక్కు నొప్పెట్టింది. లెక్క చూస్తే ఇంకా రెండు వందలు చెయ్యాలి! అంతలో టప్పున ఒక చినుకు వీపుమీద పడింది.

సింగన్న కప్పులేని పాక వైపు చూశాడు. 'నా పిట్టల అందం చూసుకున్నాను గానీ, పిల్లలు తడుస్తారని తలచానా?' అనుకున్నాడు. రివ్వున పోలయ్య గుహకు ఎగిరాడు.

"మామా, తప్పయిపోయింది. రావా?"

"నా పిట్టలు కప్పల్లా ఉంటాయి కదా అల్లుడూ?"

"ఉండనీ మామా! కప్పలు కావాలన్నవాళ్ళూ ఉంటారు."

పోలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. గంగత్తనూ పిల్లలనూ సింగన్న తనే పోయి బతిమాలి తెచ్చాడు. మర్నాడు సంత మొదలయ్యేసరికి మూడు వందల పిట్టలూ సిద్ధం! కొన్ని నిటారుగా, కొన్ని వంకరగా, కొన్ని చిల్లులతో. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. గుట్టగా పడిన తాటాకులతో అందరూ కలిసి కప్పు వేసేశారు.

అది పూర్తయిందో లేదో, కుండపోతగా వాన! లోపల ఉడుతపిల్ల నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడింది.

"ఒక్క చుక్కా పడట్లేదు సింగన్న బాబాయ్!" అంది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

నీతి: పదిమంది పనిలో వంకలు వెతికేవాడు ఒంటరివాడవుతాడు, అందరినీ కలుపుకుపోయేవాడు పనిలో గెలుస్తాడు.