ట్రైలర్‌లో అతుకు

దివాకర్ కట్ చేసిన ట్రైలర్‌లో తప్పేమీ లేదు. ఆ ధైర్యంతోనే గురువుగారి ఇంటికి బయల్దేరాడు. కానీ దారి పొడవునా ఒకటే గుబులు. తప్పు లేనివాడికి గుబులెందుకంటారా? అది వాడినే అడగాలి.

సినిమా చక్రధర్‌ది. చక్రధర్ అంటే మామూలు డైరెక్టరా! తెర మీద ఆయన పేరు పడగానే హాల్లో కాగితాలు ఎగరాలి, హీరో చెయ్యెత్తగానే రౌడీలు గాల్లోకి లేవాలి. అలాంటి మనిషి ఈసారి ఏమనుకున్నాడో ఏమో, ఒక్క ఫైటు కూడా లేని సినిమా తీశాడు. రోడ్డు వెడల్పు చేస్తుంటే ఇల్లు పోగొట్టుకునే ఒక లారీ డ్రైవర్ కథ అది. సినిమా మొత్తం మీద హీరో ఎవరి మీదా చెయ్యి చేసుకోడు. చివర్లో మాత్రం ఒక్కసారి సమ్మెట ఎత్తుతాడు. పరాయివాళ్ళు వచ్చి కూల్చకముందే తన ఇంటి గోడ తనే కూల్చుకుంటాడు.

ఇంత పెద్ద డైరెక్టర్ సినిమాకి పనిచెయ్యడం దివాకర్‌కి ఇదే మొదలు. ప్రొడ్యూసర్ వెంకట్రాజు పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"చూడు బాబూ, జనం ఇది చక్రధర్ మార్కు సినిమా అనుకోవాలి. ట్రైలర్‌కి ఈలలు పడకపోతే ఈ పని బొంబాయి ఎడిటర్లకి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

దివాకర్ బుర్రకి పదును పెట్టాడు. హీరో సమ్మెట ఎత్తే షాట్ తీసుకున్నాడు, గోడని కోసి అవతల పారేశాడు. విలన్ గట్టిగా కళ్ళు మూసుకునే షాట్ ఇంకో సీన్లోంచి తెచ్చి దాని పక్కన అతికించాడు. ఆ వెంటనే తెరంతా చీకటి, ఢాం అని ఒక చప్పుడు. చూసినవాడెవడైనా విలన్ తల పగిలిందనే అనుకుంటాడు. ప్రొడ్యూసర్ ఆఫీసులో అందరూ కుర్చీల్లోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు. చక్రధర్ మాత్రం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళు అలాగే ఉంటారులే అనుకున్నాడు దివాకర్. శనివారం ఫంక్షన్‌లో ట్రైలర్ విడుదలకి అంతా సిద్ధమైంది.

గురువుగారి పేరు పరాంకుశం. మద్రాసులో ఫిల్మును చేత్తో కోసి చేత్తో అతికించిన రోజుల నాటి ఎడిటర్. అతుకు సరిగ్గా పడిందో లేదో అప్పట్లో బొటనవేలి గోరుతో నిమిరి చూసేవారట. ఫిల్ము పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. పంచె అంచు కనబడినా, పేపరు మడత కనబడినా గోరు దానంతటదే వెళ్ళిపోతుంది. దివాకర్‌కి పని నేర్పింది ఆయనే. ఆయన దీవించకుండా వాడు ఏ పనీ బయటికి పంపడు.

ఆయన ట్రైలర్ చూశారు. మళ్ళీ వెయ్యమని ఇంకోసారి చూశారు.

"ఆ విలన్ కళ్ళెందుకు మూసుకున్నాడోయ్?"

దివాకర్‌కి నవ్వాగలేదు. "కళ్ళలో చుక్కల మందు వేయించుకుంటున్నాడండీ. వేసేది వాళ్ళావిడ. ఆవిడ చెయ్యి కనబడకుండా కోసేశాను."

ఆయన కూడా పకపకా నవ్వారు. "ఓరి నీ అసాధ్యం కూలా! అతుకు ఎక్కడా తెలియలేదు."

మెచ్చుకోలు దొరికింది కదా, ఇక లేచి దణ్ణం పెట్టి వెళ్ళొచ్చు. కానీ వాడు కదల్లేదు.

"ఇందులో తప్పేమైనా ఉందంటారా గురువుగారూ? సినిమాలో లేని షాట్ ఒక్కటి కూడా పెట్టలేదు. జనం ఆయన దగ్గర ఏది ఆశిస్తారో అది చూపించాను. చూపించకపోతే అసలు హాలుకే రారు కదండీ."

పరాంకుశం గారు లాప్‌టాప్ మూత వేసి, దాని అంచుని గోరుతో నిమిరారు.

"రేపు మీ అమ్మగారిని మ్యాట్నీకి తీసుకెళ్తున్నాను. నువ్వూ రా," అన్నారు.

ఆ మాట వినబడి వంటింట్లోంచి వేదవల్లమ్మ గారు కాఫీ గ్లాసుతో వచ్చేశారు. గురువుగారి భార్య. ఆవిడ చేతి అన్నం తింటూనే దివాకర్ పని నేర్చుకున్నాడు.

"నీ సినిమాకేరా! ఆ తల్లీకొడుకుల సినిమా. ఇవాళో రేపో తీసేస్తారట, ఎన్నాళ్ళ నుంచి పోరుతుంటే ఈయనకి ఇప్పటికి తీరింది. నీ ట్రైలర్ ఫోన్లో చూసి ఎంత ఏడ్చానో తెలుసా? ఆ తల్లి స్టేషన్లో వానలో తడుస్తూ అలా పరుగెత్తుతుంటే, ఆ కొడుకు కదిలే రైల్లోంచి దూకేస్తాడు చూడూ! వాళ్ళిద్దరూ కలుసుకోవడం చూడాలి నేను."

దివాకర్ పొంగిపోయాడు. ఆ సినిమా ట్రైలర్ కూడా వాడే కట్ చేశాడు మరి.

మర్నాడు హాల్లో జనం పల్చగా ఉన్నారు. వేదవల్లమ్మ గారు మధ్యలో కూర్చున్నారు, అటు గురువు, ఇటు శిష్యుడు. పక్క సీటు ఆవిడతో అప్పుడే పరిచయం కూడా అయిపోయింది. "దీని ట్రైలర్ చేసింది మా వాడేనండీ," అని వేలితో చూపించారు.

సినిమా మొదలైంది. కాసేపటికి తల్లి స్టేషన్లో పరుగెత్తే సీన్ వచ్చింది. కూతురు గొడుగు మరిచిపోయి రైలెక్కింది, అది అందించడానికి ఆ తల్లి పరుగు. గొడుగు అందింది. రైలు వెళ్ళిపోయింది.

"ఇది కాదు," అన్నారు వేదవల్లమ్మ గారు. "అది వేరే. అందులో కొడుకు దూకుతాడు."

దివాకర్ నోట్లో సమోసా ముక్క అలాగే ఉండిపోయింది.

ఇంటర్వెల్ ముందు తల్లి చచ్చిపోయింది. కొడుకు ఎక్కడో జైల్లో ఉన్నాడు, చివరి చూపుకి కూడా రాలేకపోయాడు. వేదవల్లమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, దివాకర్ చెవి దగ్గరికి వంగారు.

"పోయిందనుకుంటున్నారు వీళ్ళంతా. చూస్తూండు, బతికే ఉంటుంది. లేకపోతే వాడు రైల్లోంచి ఎవరి కోసం దూకుతాడూ?"

దివాకర్ అటు చూస్తే గురువుగారు బుద్ధిగా సినిమా చూస్తున్నారు.

ఇంటర్వెల్ తర్వాత కొడుకు రైల్లోంచి దూకనే దూకాడు. వెనక పోలీసులు తరుముతున్నారు, ముందు చెరకు తోట. స్టేషన్ లేదు, వాన లేదు, తల్లి అసలే లేదు.

"ఇదీ కాదు," అన్నారు ఆవిడ. గొంతులో కొంచెం తొందర వినబడింది. "ఇంకా ఉందిలే."

సినిమా అయిపోయింది. జనం లేచారు. పక్క సీటు ఆవిడ కూడా వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. దివాకర్ లేవబోయాడు. గురువుగారు భార్య వెనక నుంచి చెయ్యి చాపి వాడి భుజం మీద వేశారు.

"కూర్చో. మీ అమ్మగారు ఇంకా సినిమా చూస్తోంది."

తెర మీద పేర్లు పైకి వెళుతున్నాయి. వేదవల్లమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. మధ్యలో ఒక్కసారి మొహం వెలిగింది. "అదిగో నీ పేరు! ఏమండీ, మన దివాకర్ పేరు!"

తన పేరు తెర మీద చూసుకుని ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాడు వాడు.

పేర్లు కూడా అయిపోయాయి. లైట్లు వేశారు. ఊడ్చేవాళ్ళు వచ్చారు. ఆవిడ చుట్టూ చూసి, భర్త వైపు తిరిగి మెల్లిగా అడిగారు.

"ఏమండీ, నేను మధ్యలో ఎక్కడైనా కునుకు తీశానా?"

"లేదు," అన్నారు పరాంకుశం గారు. శిష్యుడి వైపు చూడనైనా చూడలేదు.

దివాకర్ ఇక ఉండబట్టలేకపోయాడు. "మీరు నిద్రపోలేదమ్మా. ఆ సీన్ సినిమాలో లేదు. ఆ తల్లి పరుగూ, ఆ కొడుకు దూకడమూ వేరే వేరే. రెండూ తెచ్చి నేను అతికించాను."

ఆవిడ కాసేపు వాడి మొహంలోకి చూశారు. కోపం వస్తే బాగుండుననిపించింది వాడికి. రాలేదు.

"అయ్యో, అవునా! ఎంత బాగా అతికించావురా నాయనా," అన్నారు. "నిజంగా కలుసుకుంటారనే అనుకున్నాను."

బయట ఎండగా ఉంది. ఆటోలో వాళ్ళిద్దరినీ ఎక్కించి, దివాకర్ తిన్నగా ఎడిటింగ్ రూముకి వెళ్ళాడు. విలన్ కళ్ళు తీసేశాడు. చీకటి తీసేశాడు, ఆ ఢాం కూడా తీసేశాడు. కోసి పారేసిన గోడని వెతికి తెచ్చి, హీరో సమ్మెట ఎత్తే షాట్ పక్కన అతికించాడు. సమ్మెట దిగింది. గోడ పడింది. గోడ వెనక ఎవరూ లేరు, పొయ్యి మీద ఒక గిన్నె ఉంది.

వెంకట్రాజు అది చూసి ఎగిరిపడ్డాడు. "నీకేమైనా మతి పోయిందా? బంగారం లాంటి ట్రైలర్‌ని పాడు చేసి తెస్తావా? పాతదే వేస్తాను పో!"

"పాతది వేస్తే నా పేరు తీసెయ్యండి సార్," అన్నాడు దివాకర్.

మూల కూర్చున్న చక్రధర్ ఇంకోసారి వెయ్యమన్నాడు. చూసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మొన్నటిది చూశాక నాకే అనుమానం వచ్చింది వెంకట్రాజు గారూ, ఈ సినిమా నేనేనా తీసిందీ అని. ఇది నా సినిమాయే. ఇదే వెయ్యండి."

వేశారు. కానీ వచ్చే సినిమా ట్రైలర్ పని బొంబాయి వాళ్ళదేనని వెంకట్రాజు అప్పుడే, దివాకర్ ఎదుటే చెప్పేశాడు.

శనివారం ఫంక్షన్‌లో హీరో సమ్మెట ఎత్తేదాకా ఈలలే ఈలలు. గోడ పడింది. హాలు చల్లబడిపోయింది. వెనక వరసలోంచి ఎవడో గట్టిగా అడిగాడు: "అదేంట్రా, అన్న సొంత ఇల్లు కూలగొట్టుకుంటున్నాడేంట్రా?" దానికి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే గురువుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. అభిమానులు ఫోన్లలో తిడుతున్నారని చెప్పాడు. వెనక వరసవాడు అడిగింది కూడా చెప్పాడు.

పరాంకుశం గారు పేపరు మడత నిమురుతూ విన్నారు.

"వాడు సినిమాకి వస్తాడు," అన్నారు.

ఈలోగా వేదవల్లమ్మ గారు ఫోన్లో ఆ ట్రైలరే పెట్టుకుని చూస్తూ వంటింట్లోంచి వచ్చారు. గోడ పడేచోట ఆపి, మళ్ళీ వెనక్కి జరిపి చూశారు. తర్వాత కళ్ళజోడు మీంచి దివాకర్ వైపు చూశారు.

"నాయనా, ఈ గోడ సినిమాలో పడుతుందా?"

"పడుతుందమ్మా."

"నిజంగానే?"

"నిజంగానే అమ్మా."

"అయితే మొదటి రోజుకే టికెట్లు తియ్యి," అన్నారు ఆవిడ. "ఈసారి నేనూ అందరితో పాటే లేస్తాను."