ముంగిస ఎంచుకున్న లినక్స్

శబరి ఏటి ఒడ్డున బొరియల్లో కాపురముండే జీవాలకు, దేవుడి తర్వాత దిక్కంటే పాడుబడ్డ చౌకీలోని పాత కంప్యూటరే. నీటి మట్టం పెరగ్గానే అది సైరన్ మోగించేది. అందరూ పిల్లల్ని నోట కరచుకుని గుట్టెక్కేవారు.

ఆ పొద్దున అది కాస్తా మూగబోయింది. మూడు రోజులుగా ఎగువన వాన. మధ్యాహ్నంలోపు వరద తప్పదని కొంగ చెప్పి పోయింది గానీ, ఏ క్షణానో ఎవరికి తెలుసు? తొందరపడి ఎక్కితే కళ్లు తెరవని పసికూనలు చలికి పోతాయి. ఆలస్యమైతే ఏట్లో పోతాయి. సైరన్ చూసుకునే ముంగిస నారాయుడికి అలాంటి కూనలు నాలుగున్నాయి.

కంప్యూటర్ని నడిపించే లినక్స్ చెడిపోయింది, మళ్లీ ఎక్కించాలి. అందులో రకాలు బోలెడు. నారాయుడికి తెలిసింది తక్కువ. అందుకే కొత్తవాళ్లకు తేలికైన రకం పట్టుకున్నాడు. హంగులన్నీ వదిలేసి పునాది మాత్రం వేసి, దానిమీద నీళ్లు కొలిచే ప్రోగ్రామొకటి, సైరన్ మోగించేదొకటి పెడదామనుకున్నాడు. ముసలి కంప్యూటరు అంతకుమించి మోయలేదు మరి.

అప్పుడొచ్చాడు నక్క భద్రయ్య, తన పెన్‌డ్రైవ్‌తో. కంప్యూటరు సలహాకు ఒక గుడ్డు పుచ్చుకోవడం ఆయన పద్ధతి. ఆయన ఇంట్లో, ఇంటివరకే వినపడే చిన్న సైరనుతో సొంత కంప్యూటరుంది.

"పాలు తాగే పిల్లల రకమా అల్లుడూ? పౌరుషమున్నవాడు ఒక్కో ముక్కా చేత్తో పేర్చుకునేది పెట్టుకుంటాడు. ఇదిగో, ఇదీ."

చుట్టూ ఉన్న కుందేళ్లు, పందికొక్కులు తలలాడించాయి. అది పెడితే బాగుచేయడం నక్కకు తప్ప ఎవరికీ రాదని నారాయుడికి తెలుసు. వాదిద్దామంటే ఆ నోటి ముందు నిలవలేడు. అవతల ఏటి హోరు దగ్గరవుతోంది. మనసులో నరసింహస్వామికి దండం పెట్టుకున్నాడు.

"సరే మావా, నీదే పెడదాం. మందిచ్చినవాడే మొదటి గుక్క తాగాలన్నది మన ఏటి ఆచారం. మీ ఇంటి సైరన్ తీగ కూడా దీనికే కలిపేస్తాను. అత్తా పిల్లలూ ఇది మోగితేనే లేస్తారు."

నక్క తోక వాలిపోయింది. ఆ రకం కుదురుకోవడానికి రెండ్రోజులు పడుతుందని నసిగాడు.

"మరి మీ ఇంట్లో పెట్టుకున్నదేది మావా?"

నక్క పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లబోయాడు. ముసలి కుందేలు లచ్చుమమ్మ ముందుకొచ్చి, "చెప్పవయ్యా, నీళ్లు నీకోసం ఆగవు" అంది.

"నారాయుడు పట్టుకున్నదే," అన్నాడు నక్క, వినపడీ వినపడనట్టు. "హంగులేం లేకుండా."

నారాయుడు తను పట్టుకున్నదే ఎక్కించి మీటలు నొక్కాడు. తెర మీద బొమ్మల్లేవు, రంగుల్లేవు, నల్లటి పలక మీద నాలుగు అక్షరాలు. నీటి మట్టం అంకె కనబడింది. పెరిగింది. ఇంకా పెరిగింది. సైరన్ మోగింది.

ఎర్రనీళ్లు బొరియల్లోకి దూరేసరికి అందరూ గుట్ట మీదున్నారు. నారాయుడు కూనల్ని లెక్కపెట్టుకున్నాడు: నాలుగూ వెచ్చగా ఉన్నాయి. ఆడనక్క మాత్రం మొగుడికి వీపు తిప్పి కూర్చుంది. మళ్లీ ఆ గుమ్మానికి గుడ్డు తీసుకెళ్లినవాళ్లు లేరు.

కాబట్టి నాయనలారా, సలహా ఇచ్చేవాడు తన ఇంట్లో ఏం వాడుతున్నాడో కనుక్కున్నాకే దాన్ని మన నెత్తికెత్తుకోవాలి.